దొంగనిద్ర

జూన్ 3

అక్కా,

నిలబడి చదవకు, కూర్చో. మిషను మీద ఎవరి గుడ్డో ఉండే ఉంటుంది, దాన్ని పక్కన పడెయ్. కంగారు పడకు, మంచి వార్తే.

నాకు పని దొరికింది. గోడౌను గేటు దగ్గర స్టూలు వేసుక్కూర్చుని వచ్చేపోయే లారీలకు చెయ్యూపే పని కాదు. టీవీలో! నవ్వకు. ఒట్టు.

మూడు నాలుగొందల ఏళ్ల కిందటి ఆస్పత్రి కథ ఒకటి తీస్తున్నారు, వారం వారం వచ్చే సీరియలు. అప్పట్లో గడ్డాలు గీసేవాడే కాళ్లూ చేతులూ కోసేవాడట. మత్తుమందు అనేది ఇంకా పుట్టలేదు. రోగిని బల్లమీద పడేసి నలుగురు అదిమి పట్టుకుంటే, ఐదోవాడు రంపంతో పని కానిచ్చేవాడు. ఆ కాలు కోసే సీన్లకు నిజంగానే ఒంటికాలి వాళ్లు కావాలట. లేని కాలి చోట రబ్బరు కాలు తగిలించి, కెమెరా ముందు దాన్ని కోసేస్తారు. అదీ సంగతి. ప్రింటింగు ప్రెస్సు రోలరు నమిలేసిన నా కుడికాలు ఇన్నాళ్లకు నన్ను పోషించబోతోంది.

నాలాంటి వాళ్లం చాలామందిమే వచ్చాం. ఊతకర్రలతో గోడవారగా వరసగా నిలబడ్డాం. డైరెక్టరు నెత్తిమీద ఎప్పుడూ టోపీ ఉంటుంది, అందుకని అందరూ టోపీసారు అంటారు. ఒక్కొక్కణ్ణీ అరవమన్నాడు. అందరూ పైకప్పు లేచిపోయేలా అరిచారు. నా వంతొచ్చింది. నేను అరవలేదక్కా. నోరు తెరిచి, మెడ నరాలు తేలేదాకా బిగబట్టి, గొంతులోంచి గాలి కూడా రానివ్వకుండా అలా ఉండిపోయాను. టోపీసారు కుర్చీలోంచి లేచాడు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అన్నాడు.

"నేర్చుకునేదేముంది సార్, నా కాలు కోసినప్పుడు నేనిలాగే ఉన్నాను" అన్నాను.

వెంటనే నన్నే ఖాయం చేశాడు. మిగతావాళ్లందరినీ పంపించేశారు.

జూలైలో, నెల మధ్యలో వచ్చే ఆదివారం నా భాగం వేస్తారు. నీకు వినపడదని దిగులు పెట్టుకోకు. ఇందులో వినాల్సిందేం లేదు, అంతా చూడ్డమే.

కత్తెర కాలిమీద పడిందన్నావు, ఆ పుండు మానిందా? షుగరు మాత్రలు మింగుతున్నావా, గూట్లో దాస్తున్నావా?

నీ ఒంటికాలి హీరో


జూన్ 11

ఒరే దొంగనిద్రా,

బడి వేళయ్యేసరికి ముసుగుతన్ని నిద్ర నటించి నా చేత వీపు విమానం మోత మోగించుకున్నవాడికి, ఇప్పుడు టీవీలో నటించే యోగం పట్టిందన్నమాట! సంతోషంరా. నిజంగా సంతోషం. నీ ఉత్తరం చదివి మిషను ముందు నుంచి లేచి మేడమీద టీచరమ్మ దగ్గరికి ఎక్కాను. ఎక్కాకగానీ గుర్తు రాలేదు, కాలు నొప్పని. ఆవిడ నా పలకమీద "అభినందనలు" అని రాసింది. వినపడనిదాన్ని కదా, ఈ మధ్య అందరూ నాతో పలకమీదే మాట్లాడుతున్నారు. కొలతలు కూడా దానిమీదే రాసి పోతున్నారు. గొడవలు పడేవాళ్లు మాత్రం ఇంకా నోటితోనే పడుతున్నారు. వాళ్లకదో తృప్తి.

నీ నటన నా దగ్గర ఒక్కరోజూ చెల్లలేదని గుర్తుంచుకో. అమ్మ పోయాక నిన్ను పెంచినదాన్ని, నీ వేషాలు నాకు తెలియవా? ఊళ్లోవాళ్లను నమ్మించావు, చాలు.

పుండు సంగతి అడిగావు. ఎడమకాలి బొటనవేలు నల్లబడింది. ఆస్పత్రికి కొత్తగా కళ్లజోడు పెట్టుకున్న కుర్ర డాక్టరొకడు వచ్చాడు. వేలు తీసేస్తే సరిపోతుంది, ఆలస్యం చేస్తే పాకుతుంది అన్నాడు. నాకు బడి యూనిఫారాల రోజులు. పిల్లలంతా నిక్కర్లు లేకుండా బడికి పోవాలా? ఈ గుట్ట దించుకుని వస్తానని చెప్పాను. నీకు కుడికాలు లేదు, నాకు ఎడమకాలు మొండికేసింది. ఇద్దరం కలిసి నడిస్తే ఒక జత.

అన్నట్టు, ఒక మాట అర్థం కాలేదు. "నా కాలు కోసినప్పుడు ఇలాగే ఉన్నాను" అన్నావట, అదేమిట్రా? నిన్ను నిద్రపుచ్చే కదా కోశారు? తీరిగ్గా రాయి.

నీ మిషనక్క


జూన్ 24

అక్కా,

క్షమించు, ఆలస్యమైంది. ఇక్కడ ఊపిరాడ్డం లేదు. నీకేం చెప్పాలో, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నా కాలు చూశాను! మేకప్పు ముసలాయన నా ఎడమకాలికి పిండి పూసి అచ్చు తీసుకుని, దాన్ని తిరగేసి కుడికాలు చేశాడు. వెంట్రుకలు ఒక్కొక్కటే సూదితో గుచ్చాడు, నువ్వు బొత్తాం కుట్టినంత ఓపికగా. గోళ్లకింద మట్టి కూడా పెట్టాడు. దాన్ని నాకు తగిలించి పైన ప్యాంటు తొడిగాక కిందికి చూశాను. రెండు పాదాలు. పక్కపక్కన. వేళ్లు కదుపుదామనుకున్నాను, కదల్లేదు, అయినా ఎంతసేపు చూశానో తెలియదు. టోపీసారు "ఏమయ్యా, మొదలెడదామా" అంటే ఉలిక్కిపడ్డాను. తరవాత బల్లమీద పడుకోబెట్టారు, కోసేశారు. మళ్లీ రేపు ఇంకోటి తగిలిస్తారు, మళ్లీ కోస్తారు.

రక్తం పంచదార పాకంతో చేస్తారు. ఈగలు ముసిరి చంపుతున్నాయి. నిన్ను తలుచుకున్నాను. నీకూ నాకూ పంచదారే పగవాడు.

ఒక పేపరావిడ వచ్చి నన్ను గంటసేపు కూర్చోబెట్టి అడిగింది. ఫోటో తీశారు. కటింగు ఇందులో పెట్టాను, చూడు. ఇన్నేళ్లుగా నన్ను చూడగానే జనం మొహం తిప్పుకునేవాళ్లు. మొన్న క్యాంటీనులో ఒకాయన లేచి నాకు కుర్చీ వేశాడు. జాలితో కాదక్కా. గౌరవంతో.

వేలు తీయించుకో. వేలే కదా. యూనిఫారాలు ఎక్కడికీ పోవు.

హీరో


జూలై 2

తమ్ముడూ,

కటింగు చదివాను. టీచరమ్మ చేత కూడా చదివించాను, నా కళ్లు కూడా చెవుల్లాగే పోయాయేమోనని. "మెలకువగా ఉండగానే నా కాలు కోశారు" అని పైన పెద్ద అక్షరాలు, కింద నీ ఫోటో. నలుగురు పట్టుకున్నారనీ, గొంతు పడిపోయేదాకా అరిచావనీ, రంపం ఎముకకు తగిలినప్పుడు ఆ చప్పుడు పళ్లలో వినపడిందనీ చెప్పావు.

నేను నిన్ను అడిగాను, నువ్వు జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైంది.

ఆ రోజు నేను ఆ గది తలుపు పక్కనే బెంచీమీద ఉన్నాను. అప్పటికే నా చెవులు సగానికి పైగా పోయాయి. ఎవరికీ చెప్పలేదు, చెబితే కుట్టుపని ఇవ్వరని. నర్సు వచ్చి ఏదో అంది. పెదాలు కదిలాయి, నేను తలూపాను. నిద్రపుచ్చుతాం అంటోందని నేనే అనుకున్నాను. కాగితం చూపించింది, సంతకం పెట్టాను. తలుపు మూశారు. తరవాత నేనేం చేశానో తెలుసా? నీ చొక్కాకు బొత్తాం ఊడి ఉంది. సంచిలోంచి సూదీ దారం తీసి అది కుడుతూ కూర్చున్నాను. నువ్వు లోపల అరుస్తున్నావు. నేను బయట బొత్తాం కుడుతున్నాను. ఆ వరండాలో ఉన్నవాళ్లందరికీ వినపడే ఉంటుంది. అందుకే అందరూ నా వంక అలా చూశారేమో.

ఎంత గుండె ధైర్యంరా నీది, ఇన్నేళ్లు ఒక్కమాట అనకుండా ఉన్నావు!

వేలు సంగతి ఇప్పుడు అడక్కు. నాకు భయంగా ఉంది. నాకెప్పుడూ దేనికీ భయం లేదని నీకు తెలుసు. ఇప్పుడుంది.

అక్క


జూలై 9

అక్కా, అక్కా, అక్కా,

అంతా అబద్ధం! నీ కాళ్లు పట్టుకుంటాను, నా మాట విను. పని కోసం చెప్పాను. టోపీసారు అడిగితే నోటికొచ్చింది వాగాను. ఆ పేపరావిడ దాన్ని పట్టుకుని ఇంకా ఇంకా అడిగింది, నేను ఇంకా ఇంకా చెప్పాను. పళ్లలో చప్పుడంటావా, అది టోపీసారి స్క్రిప్టులో మాట. నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావు కదా, నీకు తెలిసిందే కదా, చదివి నవ్వుకుంటావనుకున్నాను. నీకు అప్పటికే వినపడదన్న సంగతి నాకు తెలియదే!

నిజం చెబుతున్నాను. రబ్బరు వాసనొచ్చే మాస్కు ముక్కుమీద పెట్టారు. డాక్టరు "ఏం పని చేస్తావు నాన్నా?" అని అడిగాడు. ప్రెస్సులో అని చెప్పబోయాను. "ప్రె" అన్నానో లేదో. అంతే. మళ్లీ కళ్లు తెరిస్తే పైన ఫ్యాను, పక్కన నువ్వు, నా ఒంటిమీద బొత్తాలన్నీ ఉన్న చొక్కా. మధ్యలో ఏమీ లేదు. నేను అరవలేదు. వరండాలో జనం నీ వంక చూశారంటే, ఆ రోజు నీ మొహం అలా ఉండి ఉంటుంది.

ఆ పేపరుకు రాయి, తప్పని వేయించు అంటావేమో. వేయిస్తాను. ఈ భాగం టీవీలో రానీ. ముందే చెబితే పనిలోంచి తీసేస్తారు. ఒక్క వారం ఆగు. వేలు మాత్రం ఆగకు.

నీ తమ్ముడు


జూలై 17

నాయనా,

చూశాను. టీచరమ్మ ఇంట్లో చూద్దామంటే వద్దని, నా గదిలోనే ఒక్కదాన్నే కూర్చుని చూశాను.

మొదట నీకు రెండు కాళ్లు చూసి చప్పట్లు కొట్టాను, పిచ్చిదానిలా. టీవీలోంచి దిగి నడిచొస్తావేమో అన్నట్టుగా ఉన్నావు. తరవాత బల్ల. తోలు పట్టీలు. నలుగురు మనుషులు. తరవాత నీ మొహం చూపించారు, చాలాసేపు. నాకు చప్పుడు లేదు కాబట్టి ఆ మొహం ఒక్కటే ఉంది. ఒరే, ఆ మొహం నేర్చుకుంటే వచ్చేది కాదు. నిన్ను నా చేతులతో పెంచాను. నీకు దెబ్బ తగిలితే ఏ మొహం పెడతావో, తగలకుండా ఏడిస్తే ఏ మొహం పెడతావో నాకు తెలుసు. అది తగిలినప్పటి మొహం.

అబద్ధమని రాశావు. నాకు తెలుసు ఎందుకు రాశావో. నేను కుమిలిపోతానని. ప్రమాదం తరవాత ఇంటికొచ్చిన మొదటి రోజు "పోనీలే అక్కా, ఇక ఒక చెప్పే కొనాలి" అని నన్ను నవ్వించినవాడివి. నా కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడగలవు. అబద్ధమన్న మాట నిజమే అయితే వెంటనే పేపరులో వేయించేవాడివి, వారం ఆగేవాడివి కాదు.

నిన్న ఆస్పత్రికి వెళ్లాను. వెళ్లలేదనుకోకు. వేలితో పోయే దశ దాటిపోయింది, ఇప్పుడు సగం పాదం తీయాలన్నాడు కళ్లజోడు డాక్టరు. సరే అన్నాను. నన్ను తోసుడుబండి ఎక్కించడానికి ఇద్దరు వార్డుబాయిలు వచ్చారు. ఒకడు భుజాలు పట్టుకున్నాడు, ఒకడు కాళ్లు పట్టుకున్నాడు. అంతే, ఎలా దిగానో, ఎలా ఇంటికొచ్చానో నాకే తెలియదు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. చూడు, నాకూ ఒక చెప్పు చాలనే రోజొచ్చింది.

అక్క


జూలై 24

అక్కా,

నీకు చెవులే కాదు, బుర్ర కూడా పోయింది! ఎన్నిసార్లు చెప్పాలి? నేను చెప్పిన అబద్ధం నమ్ముతావు, నేను చెప్పే నిజం నమ్మవు. నా తల ప్రాణం తోకకొస్తోంది ఇక్కడ.

పేపరు ఆఫీసుకు వెళ్లాను. ఆ పేపరావిడ నవ్వింది. "ఇప్పుడెందుకండీ, అందరికీ నచ్చింది కదా" అంది. టోపీసారికి చెప్పేశాను, సార్ నేను మెలకువగా లేను, మీకు అబద్ధం చెప్పాను అని. తిడతాడనుకున్నాను. నా భుజం తట్టి "అయితే ఇంకా గొప్ప నటుడివి, నోరు మూసుకో" అన్నాడు.

ఆ మొహం తగిలినప్పటి మొహమేనని రాశావు. ఒప్పుకుంటాను. నువ్వు పట్టేశావు. కానీ అది కత్తిది కాదక్కా. రోలరుది. కాలు రోలరులో చిక్కుకున్నాక కరెంటు ఆపేదాకా నేను అలా నోరు తెరుచుకుని ఉన్నాను, గొంతు రాలేదు. ఆ మొహం నా దగ్గర ఉండిపోయింది, అదే తెచ్చి బల్లమీద పెట్టాను. ఆస్పత్రిలో నన్నెవరూ బాధపెట్టలేదు. ఆ మాస్కు పెట్టగానే నొప్పి పోయింది. నొప్పి పోయిన మొదటి క్షణం అదే. కత్తే నన్ను బతికించింది. నువ్వు సంతకం పెట్టబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంతకంటే నాకు రాయడం రాదు. వెళ్లు.

తమ్ముడు


ఆగస్టు 1

మీకు,

కోపం వస్తే నిన్ను మీరు అనాలనిపిస్తోంది, అందుకే అలా మొదలుపెట్టాను. చెవుల మాట ఎత్తావు. ఎవరెత్తినా ఊరుకుంటాను, నువ్వెత్తావు. చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అరికాల్లో మంట తెలిసే చోటు ఇంకా కొంచెమైనా మిగిలి ఉన్నందుకు సంతోషించాను.

మిషను ఆగిపోయింది. కుడికాలొక్కదానితో తొక్కుతుంటే కుట్టు వంకరపోతోంది. ఒకావిడ గౌను చేతులు రెండూ ఒకే వైపుకు కుట్టేశాను. పాపం ఆవిడ ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేది. జ్వరం వచ్చి పోతోంది. టీచరమ్మ రోజూ పలకమీద "ఆస్పత్రి" అని రాస్తుంది, నేను రోజూ తుడిచేస్తాను.

రోలరు సంగతి చదివాను. నమ్మాలని ఉందిరా. ఒట్టు, నమ్మాలని ఉంది. చదివినంతసేపూ నమ్ముతాను. కాగితం మడవగానే నీ మొహం వస్తుంది.

ఒక పని చెయ్. మీ సీరియల్లో ఆ మనిషి ఇంకా ఆస్పత్రి వార్డులోనే మూలుగుతూ పడి ఉన్నాడు కదా, వారం వారం చూస్తున్నాను. వాణ్ణి బతికించమని మీ టోపీసారిని అడుగు. కాలు పోయినవాడు ఆ గుమ్మం దాటి బయటికి నడిచిపోవడం నా కళ్లతో చూస్తే నాకు ధైర్యమొస్తుంది. నువ్వు ఆ గుమ్మం దాటి బయటికి రా. నేను ఇక్కడి ఆస్పత్రి గుమ్మం దాటి లోపలికి వెళ్తాను. మాటంటే మాటే.

పిచ్చిదంటావు. అను.

అక్క


ఆగస్టు 8

అక్కా,

ఒప్పుకున్నాడు! టోపీసారు ఒప్పుకున్నాడు! నీ సంగతంతా చెప్పాను, దాచకుండా. టోపీ తీసి కాసేపు నెత్తి గోక్కున్నాడు. టోపీ కింద బట్టతల, మొదటిసారి చూశాం. "సరే, నడిపిద్దాం" అన్నాడు.

నిన్న తీశారు. నాకు కర్రకాలు కట్టారు, ఆ కాలంలో వాడేవాళ్లట. గొట్టంతో వాన కురిపించారు. వార్డులోంచి లేచి, మంచాల మధ్య నుంచి టకటకమంటూ నడిచి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, వానలోకి వెళ్లిపోయాను. టోపీసారు ఆగమన్నా ఆగలేదు, గేటుదాకా వెళ్లాను. తడిసి ముద్దయ్యాను. అందరూ చప్పట్లు కొట్టారు. నీకోసం నడిచాను.

ఇరవయ్యారో తారీకు ఆదివారం వేస్తారు. కానీ అప్పటిదాకా ఆగాల్సిన పనేముంది? నేను నడిచేశాను. అయిపోయింది. టీవీలో రావడమొక్కటే మిగిలింది. నీ మాట నువ్వు నిలబెట్టుకో. ఇవాళే వెళ్లు. చెవుల మాట అన్నందుకు నా చెంపలు నేనే వాయించుకున్నాను, రెండూ.

నీ తమ్ముడు


ఆగస్టు 15

బంగారుతండ్రీ,

నడిచావా! వానలో తడిసి జలుబు తెచ్చుకోలేదు కదా?

నేను ఆస్పత్రిలోనే ఉన్నాను, కంగారు పడకు. టీచరమ్మ ఆటో పిలిచి నన్ను మూటలా మోయించుకొచ్చింది. మంచమిచ్చారు. సూది మందులిస్తున్నారు. కళ్లజోడు డాక్టరు మోకాలి దాకా తీయాలంటున్నాడు, రోజూ పలకమీద బొమ్మ గీసి చూపిస్తాడు. చూడచక్కని బొమ్మ, ఆ గీత మాత్రం రోజురోజుకూ పైకి జరుగుతోంది. ఆదివారం తరవాత, అన్నాను. ఇవాళే అని గీత కింద రెండుసార్లు గీశాడు. ఆదివారం తరవాత అని నేనూ రెండుసార్లు గీశాను. ఇన్నాళ్లు ఆగినదాన్ని, ఇంకాస్త ఆగితే ఏం పోతుంది? మాటంటే మాటే అన్నాను కదా. చూడందే నా ఒళ్లు ఆ బండి ఎక్కదు, నేను చెప్పినా వినదు.

వార్డులో టీవీ ఉంది, గోడకు ఎత్తుగా. అందరికీ చెప్పాను, మా తమ్ముడు నడుస్తాడు చూడండి అని. నీకో ప్యాంటు మొదలుపెట్టాను, చేత్తోనే కుడుతున్నాను. పక్కమంచం ముసలమ్మ దారం ఎక్కిస్తుంది.

అక్క


ఆగస్టు 22

అక్కా,

ఇది నీకు ఆదివారంలోపు అందాలి. ఎలా రాయాలో తెలియడం లేదు.

నేను నడిచింది తీసేశారు. పైవాళ్లు చూసి, ఆ కాలంలో కాలు కోసినవాళ్లు అంత సులువుగా బతకరు, జనం ఏడవాలి, చంపేయండి అన్నారట. టోపీసారు కొట్లాడాడు. నిజంగానే కొట్లాడాడు. కుదరలేదు. నిన్న నన్ను మళ్లీ పిలిచి చంపారు. శవాన్ని కోసి చదువుకునే గది ఒకటి కట్టారు, చుట్టూ మెట్లమీద విద్యార్థులు. మధ్యలో బల్లమీద నేను. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు తీశారో. "శవం కదులుతోంది, మళ్లీ!" అని టోపీసారు గొంతు చించుకున్నాడు. నీ గురించే ఆలోచిస్తున్నాను, ఎలా కదలకుండా ఉండను? చివరికి లైట్లు కట్టేసే వేళయింది, ఉన్నదాంతోనే సరిపెడతామన్నారు. నన్ను తిట్టుకుంటూ పోయారు.

ఆదివారం టీవీ చూడకు. నేను నడిచాను అక్కా, టీవీలో రాకపోయినా నడిచాను. కట్టేయమని చెప్పు. బండి ఎక్కు. నీకు దణ్ణం పెడతాను.

ఇక్కడ ఇంకొక్క పని ఉంది, అది కాగానే బయలుదేరుతున్నాను. చేతకాని వెధవని. నాకు నటించడం ఒక్కటే చేతనైంది, అదే నీ కొంప ముంచింది.

తమ్ముడు


ఆగస్టు 27

ఒరే దొంగనిద్రా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. నేను నిన్ననే చూసేశాను.

ఇది పోస్టులో వేయడం లేదు. నువ్వు దారిలో ఉండి ఉంటావు. టీచరమ్మ చేతికిస్తున్నాను.

ఆదివారం వార్డంతా దిండ్లు ఎత్తుపెట్టుకుని కూర్చుంది, మా తమ్ముడు నడుస్తాడని. నువ్వు నడవలేదు. బల్లమీద ఉన్నావు, గుడ్డ నడుం దాకా. పక్కమంచం ముసలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నర్సు టీవీ కట్టేయబోయింది. నేను ఉండనీ అన్నాను. నీ మొహం దగ్గరగా చూపించారు. నాకు ప్రాణం పోయిందిరా, ఒక్కసారి.

అప్పుడు నీ ఎడమకంటి రెప్ప అదిరింది.

చిన్నప్పుడు బడి వేళకు ముసుగు లాగితే నీ ఎడమ రెప్పే అదిరేది. బిగించిన కొద్దీ అదిరేది. నేను అది చూసే కదా తన్నేదాన్ని! ఇప్పుడూ అంతే, రెండుసార్లు, మూడుసార్లు. ఆ విద్యార్థుల వేషగాళ్లు గంభీరంగా నోట్సు రాసుకుంటున్నారు, శవమేమో దొంగనిద్ర పోతోంది. నాకు నవ్వాగలేదు. వార్డంతా నన్ను చూసి మతి పోయిందనుకున్నారు. పోలేదు, అప్పుడే వచ్చింది. చావడం అబద్ధమైతే ఆ కాలూ అబద్ధమే, ఆ రంపమూ అబద్ధమే, పేపరూ అబద్ధమే. నువ్వు రాసిందొక్కటే నిజం. నీకు మాస్కు పెట్టారు, "ప్రె" అన్నావు, నిద్రపోయావు. నేను బొత్తాం కుట్టాను. అంతే జరిగింది. ఇన్నాళ్లకు గుండెలమీద బండ దిగింది.

పొద్దున కళ్లజోడు డాక్టరు రాగానే చెప్పాను, బాబూ నేను తయారు, కోసెయ్ అని. నేనే బండి కోసం చెయ్యూపాను. అతను మంచం అంచున కూర్చున్నాడు. డాక్టర్లు అలా కూర్చోరు కదా. పలక తీసుకున్నాడు. సుద్దముక్క విరిగింది, ఇంకోటి తీసుకున్నాడు. విషం రక్తంలోకి వెళ్లిపోయింది, ఇప్పుడు కాలు తీసినా లాభం లేదు అని రాశాడు. చిన్నపిల్లాడు, అక్షరాలు వంకరపోయాయి. నేనే వీపు నిమిరాను.

నిన్ను ఏమీ అనుకోవడం లేదు. ఇది గట్టిగా రాస్తున్నాను, తరవాత తరవాత మళ్లీ చదువుకో. నువ్వు బాగా నటించావు, నేను బాగా నమ్మాను. మన ఇద్దరి తప్పూ కాదనీ అనను, నీ ఒక్కడి తప్పనీ అనను. బతకాలని ఉందిరా. అది కూడా రాస్తున్నాను, నీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను?

ప్యాంటు తలగడ కింద ఉంది. ఎప్పుడూ కుడివైపు కురచగా మడిచి కుట్టేదాన్ని కదా. ఈసారి చూసుకోలేదు, టీవీలో నీ రెండు కాళ్లే కళ్లలో ఉన్నాయి, రెండూ పూర్తిగా కుట్టేశాను. విప్పే ఓపిక లేదు. మడిచి పిన్ను పెట్టుకో.

నువ్వొచ్చేసరికి నేను కళ్లు మూసుకుని ఉంటే, కాసేపు నా రెప్పల వంక చూడు. అదరకపోతే ఇక లేపకు. నాకు నీలాగా నటించడం ఎప్పుడూ చేతకాలేదు.

అక్క